మోరా పిన్ని శుక్రవారం

ముందు సింహాద్రి అప్పన్నకి ఒక దండం పెట్టుకుందాం. వెనక నిలబడ్డవాళ్ళు కూడా కూర్చోండి, చోటుంది. ఇది అలిసిపోయినవాళ్ళ కథ. నిలబడి వినాల్సిన పని లేదు.

బిలాస్‌పూర్‌లో రైల్వే కాలనీ గోడకి అవతలి పక్క, లైనుకి దగ్గరగా, రెండు గదుల అద్దె ఇంట్లో లక్ష్మీనరసమ్మ ఉండేది. తెల్లవారకుండానే నిద్ర లేచి, కాదు, నిద్ర లేచి అనకూడదు, మంచం దిగి, వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టేది. అప్పన్న పటం ముందు దీపం వెలిగించి, పొయ్యి మీద టీ పడేసి, అది మరిగేలోపు ఆ రోజు పాఠం మనసులో ఒకసారి చెప్పుకునేది. నొప్పి ఎక్కడ. మెల్లిగా, మెల్లిగా. మీ చెయ్యి నా భుజం మీద వెయ్యండి. నీళ్ళు కావాలా. ఇవన్నీ హీబ్రూలో. తర్వాత గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని, షేర్ ఆటో ఎక్కి, అర్పా వంతెన దాటి సర్కండాలో దిగేది. అక్కడ ఒక మొబైల్ షాపు మీద మేడగదిలో ప్రతాప్ అనే అతను ట్రైనింగ్ సెంటరు నడిపేవాడు. ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళని చూసుకునే పనికి వెళ్ళేవాళ్ళకి ఆవిడ అక్కడ భాష నేర్పేది.

ఆ భాషలో టీచరమ్మని 'మోరా' అంటారట. మొదటి రోజు మొదటి మాట అదే. అయితే మన పిల్లలకి పెద్దావిణ్ణి ఉత్తగా మోరా అనడానికి నోరు రాలేదు. వెనకాల పిన్ని తగిలించారు. మంగ్లా నుంచి వచ్చే ఛత్తీస్‌గఢీ అమ్మాయిలు మోరా మౌసీ అన్నారు. చివరికి పాలవాడు కూడా మోరా పిన్ని అర లీటరు అని రాసుకునేవాడు, అది ఆవిడ ఇంటిపేరన్నట్టు.

శ్రీకాకుళం వైపు మనుషులు వాళ్ళు. భర్త సత్యనారాయణ బిలాస్‌పూర్‌లోనే గూడ్స్ గార్డు. కామెర్లు ముదిరి, డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. పిల్లల్లేరు. మరిది ఇంట్లో ఎక్కువైన మనిషిగా ఉండటం కంటే ఎక్కడైనా అవసరమైన మనిషిగా ఉండటం నయమనుకుని, ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయా పని నేర్చుకుంది. అక్కణ్ణించి ఎవరో చెబితే, ఎవరో పంపితే, ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊరికి వెళ్ళింది. సముద్రం కనిపించే కొండ మీద ఇల్లు. ఆ ఇంట్లో కాళ్ళు పడిపోయిన రివ్కా అనే ముసలావిడ.

రివ్కా జీవితమంతా బడిలో పాఠాలు చెప్పిన మనిషి. దేశదేశాల నుంచి వచ్చి పడ్డవాళ్ళకి హీబ్రూ నేర్పి నేర్పి గొంతు రాసుకుపోయిన మనిషి. కాళ్ళు పోయాయి గానీ పాఠం పోలేదు. రొట్టె అందించేటప్పుడు లక్ష్మీనరసమ్మ రొట్టె పేరు సరిగ్గా చెప్పాలి. తప్పు చెబితే తిట్టేది కాదు. తను తినకుండా కూర్చునేది. ముసలి ప్రాణం ఆకలితో ఉంటుందన్న బెంగకి మనావిడ నెలలు తిరక్కుండానే వంటగదిలో ఉన్నవన్నీ నేర్చుకుంది. తర్వాత ఒంట్లో ఉన్నవన్నీ, వీధిలో ఉన్నవన్నీ.

రాత్రిళ్ళు మాత్రం నిద్ర లేదు. రివ్కా ఎప్పుడు పిలుస్తుందో తెలియదు, ఎప్పుడు దగ్గుతుందో తెలియదు. ఒళ్ళు పడుకునేది, చెవులు పడుకునేవి కావు. వారానికి ఒక్క రోజు తప్ప. శుక్రవారం పొద్దు వాలగానే వాళ్ళకి పని ముట్టని రోజు మొదలవుతుంది. అప్పుడు రివ్కా రెండు కొవ్వొత్తులు వెలిగించి, 'మెనూఖా' అనేది. విశ్రాంతి అని ఆ మాటకి అర్థం. ఆ మాట అన్నాక ఆ గదిలో ఉన్నవాళ్ళు ఉన్నచోటే పడుకునేవాళ్ళు. ఒళ్ళొక్కటే కాదు, లోపలిదాకా. పైవాటా వాళ్ళు, కింద కూరగాయలమ్మే అతను, అందరూ ఆ వేళకి వచ్చి సోఫాల మీద సర్దుకునేవాళ్ళు. ఆ మాట అన్న మనిషి ఒక్కతే మెలకువగా కూర్చునేది. అది దాని రివాజు. అక్కడున్న అన్నేళ్ళలో లక్ష్మీనరసమ్మ పడుకున్న నిద్రంతా ఆ శుక్రవారాల నిద్రే.

పోయే ముందు రివ్కా ఆ మాటని ఆవిడకి అప్పగించింది. మనావిడ దాన్ని తెచ్చుకుని మళ్ళీ బిలాస్‌పూర్‌లో దిగింది. ఇక్కడికొచ్చిన మొదటి శుక్రవారం, అప్పన్న దీపంలో రెండు వత్తులు వేసి వెలిగించి, అలవాటుగా ఆ మాట అంది. అరువిచ్చిన నిచ్చెన పట్టుకెళ్దామని వచ్చిన లోకో పైలట్ దిలీప్ నిచ్చెన పక్కనే నేల మీద పడుకుని మర్నాటిదాకా లేవలేదు. దేవుడికి అన్ని భాషలూ వచ్చు కదండీ. ఒకరి పవిత్రమైన రోజు ఇంకొకరి పటం ముందు మొదలైనా ఆ గదిలో తగువేమీ రాలేదు.

రైల్వే ఊళ్ళో నిద్ర సంగతి మీకు చెప్పక్కర్లేదు. బొగ్గు బండికి పగలూ రాత్రీ లేదు. ఇంజను నడిపేవాడికి పండగ పూట డ్యూటీ, పెళ్ళి పూట డ్యూటీ. పగలు పడుకుందామంటే పక్కింట్లో మిక్సీ. దిలీప్ కళ్ళు తేటపడి తిరుగుతుంటే చూసి, ఆ పై వారం అతనితో డ్యూటీ చేసే సూర్యం వచ్చాడు. ఆ తర్వాత గార్డులు, పాయింట్స్‌మెన్, వాళ్ళ భార్యలు, కవలపిల్లల తల్లి ఒకామె. శుక్రవారం సాయంత్రానికి చాపలు, తలగడలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళు. చెప్పులు వాకిట్లో పెళ్ళింటిముందులా ఉండేవి.

ఇబ్బంది ఒక్కటే. ఆ గదిలో పడుకున్నవాణ్ణి మొబైల్ లేపలేదు. ఇప్పుడు డ్యూటీ కాల్ ఫోన్‌కే వస్తోంది కదా. ఫోను మోగీ మోగీ ఆగిపోయేది, మనిషి కదిలేవాడు కాదు. వాళ్ళని లేపగలిగింది ఒక్క అప్పలకొండ గొంతే. అప్పలకొండ పాత కాల్‌మేన్. ఫోన్లు రాని రోజుల్లో కర్ర పట్టుకుని క్వార్టర్ క్వార్టర్‌కీ తిరిగి, గేటు మీద రెండు దెబ్బలు కొట్టి, మనిషి పేరూ బండి పేరూ కేకేసి లేపడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఆ ఉద్యోగమే లేకుండా పోయింది. ఇప్పుడు శుక్రవారం శుక్రవారం మళ్ళీ ఖాకీ చొక్కా వేసుకుని, మోరా పిన్ని గేటు దగ్గర నిలబడి, డ్యూటీ ఉన్నవాళ్ళని పిలిచేవాడు. పిలుపు విన్నవాడు చటుక్కున లేచి కూర్చునేవాడు. పిలుపు లేనివాడు తెల్లారిందాకా పడుకునేవాడు.

అందరూ అలా పడుకుంటే లక్ష్మీనరసమ్మ వంటగదిలో కూర్చుని వెల్లుల్లి ఒలుచుకునేది. ఆవిడకి ఎవరు చెబుతారు ఆ మాట? చెప్పగలిగినవాళ్ళంతా వచ్చి పడుకునేవాళ్ళే.

ఏళ్ళు గడిచాయి. బ్యాచ్ మీద బ్యాచ్. నేర్పిన పిల్లలు విమానం ఎక్కేవాళ్ళు, కొత్త పిల్లలు బెంచీల మీద కూర్చునేవాళ్ళు, మళ్ళీ నొప్పి ఎక్కడ, మళ్ళీ మెల్లిగా మెల్లిగా. అక్కడ సైరన్లు మోగిన రోజుల్లో వెళ్ళినవాళ్ళు మెట్ల కింద నక్కి ఆవిడకే ఫోన్ చేసేవాళ్ళు. మోరా పిన్నీ, మా ముసలాయన వణుకుతున్నాడు, భయపడకు అని ఎలా చెప్పాలి. ఆవిడ చెప్పేది. ఏ వేళ చేసినా మొదటి రింగుకే ఎత్తేది. పడుకుంటే కదా.

చలికాలం చివర్లో ఆటో దిగుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. డాక్టరు అన్నీ చూసి, "అమ్మా, మీకు మందు కాదు కావాల్సింది, నిద్ర. ఇంకో రెండేళ్ళు ఇలాగే తిరిగితే ఈ గుండె ఊరుకోదు" అన్నాడు. సరేనండీ అని చీటీ తీసుకుని ఆ మధ్యాహ్నం క్లాసుకి వెళ్ళిపోయింది.

ఆ నెలలోనే ప్రతాప్ కుర్చీ లాగి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. బొగ్గు కంపెనీ ఆఫీసరు కొడుకు, విజయవాడ వాళ్ళు. చెడ్డవాడు కాదు. కళ్ళ కింద నల్లగా, గడ్డం సగం గీసుకుని ఉండేవాడు.

"మేడమ్, ఢిల్లీ వాళ్ళు సరేనన్నారు. పెద్ద సెంటరు, హాస్టలు, ఏసీ క్లాసులు. రెండేళ్ళ కాంట్రాక్టు. మీరు వస్తేనే మాట, లేకపోతే వాళ్ళు నాతో కూడా మాట్లాడరు."

"రెండేళ్ళు."

"రెండేళ్ళెంత మేడమ్, ఇట్టే అయిపోతాయి."

"మెట్లు ఎక్కలేకపోతున్నాను ప్రతాప్ గారూ."

"లిఫ్టుంది."

"రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు."

"ఎవరికి పడుతోంది మేడమ్. నాకు పడుతోందా?" అన్నాడు ప్రతాప్. అదీ నిజమే.

కాదు అనే మాట లక్ష్మీనరసమ్మకి తెలుగులో తెలుసు, హిందీలో తెలుసు, హీబ్రూలో అయితే పిల్లలకి నేర్పుతుంది కూడా. ఏ ఒక్క భాషలోనూ నోటికి రాలేదు.

"శుక్రవారం సాయంత్రం బండి. మీ టికెట్ కూడా తీసేశాను. నేను నేరుగా స్టేషన్‌కి వచ్చేస్తాను. ఆ బండి మాత్రం తప్పకూడదు మేడమ్. ఆదివారం పొద్దున సంతకాలు. మనం లేకపోతే పూనా నుంచి ఇంకొకావిడ రెడీగా ఉంది."

"అలాగే బాబూ" అంది.

ఆ వారం క్లాసులో ఒకటి జరిగింది. ఆ క్లాసులో పద్ధతేమిటంటే, ఒకరు రోగి, ఒకరు చూసుకునే మనిషి. రోగి బెంచీ మీద పడుకోవాలి. రెండో మనిషి హీబ్రూలో అడగాలి, లేపి కూర్చోబెట్టాలి, నీళ్ళు తాగించాలి. ఆ రోజు వంతు శ్వేతది. లోకో పైలట్ దిలీప్ కూతురు. తెలుగు మాట్లాడుతుంది, రాయడం రాదు, సగం హిందీ. చిన్నప్పట్నుంచి శుక్రవారాలు నాన్న తలగడ మోసుకొచ్చి, పక్కనే పడుకుని పెరిగింది. ఇంటర్వ్యూ రెండుసార్లు పోయింది. నోరు తిరుగుతుంది గానీ అవతల తెర మీద ముసలివాళ్ళు కనిపించగానే ఏడుపొచ్చేస్తుందట. రోగిగా పడుకోవాల్సిన పిల్ల ఆ రోజు రాలేదని లక్ష్మీనరసమ్మే బెంచీ మీద వాలింది.

"ఎయ్‌ఫో కోయేవ్ లాఖ్?" అని అడిగింది శ్వేత. నీకు నొప్పి ఎక్కడ.

మోకాలు అని చెప్పాలి. పాఠంలో అదే ఉంది. లక్ష్మీనరసమ్మ కళ్ళు మూసుకుంది. ఫ్యాను తిరుగుతోంది. పిల్లలు చూస్తున్నారు. చాలాసేపటికి, "హకోల్" అంది.

అంతా, అని దానికి అర్థం. క్లాసులో ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే ఆటోలో వంతెన మీదుగా వస్తున్నారు. కింద అర్పాలో నీళ్ళకంటే ఇసకే ఎక్కువ ఉంది.

"మోరా పిన్నీ, ఒకటి పూఛూఁ?"

"అడుగు."

"శుక్రవారం మాకు మీరు చెప్తారు కదా. మీకెవరు చెప్తారు?"

"చెప్పేవాళ్ళకి ఉండదమ్మా."

"మతలబ్, వచ్చాక ఒక్కసారి కూడా మీరు..."

"వెళ్ళగానే నాన్నకి అన్నం పెట్టు. నైట్ డ్యూటీ అన్నాడు" అంది లక్ష్మీనరసమ్మ. ఇల్లు వచ్చేదాకా శ్వేత ఆవిడ ముఖమే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర అప్పలకొండ ఉన్నాడు.

"ఏటి నర్సమ్మా, ఢిల్లీ ఎల్లిపోతన్నావంట."

"వెళ్తున్నాను మామా."

"ఆ ఒంటితోనా."

"ఈ ఒంటితోనే. ఇంకోటి లేదు కదా." గేటు గొళ్ళెం తీస్తూ ఆగింది. "మామా, నాకొకటి చేసి పెట్టు. శుక్రవారం బండి వేళకి నాకు కాల్ ఇవ్వు."

"నీకు కాలేటి? నువ్వెప్పుడు పడుకున్నావు, తెలివిగానే ఉంతావు గదా."

"ఉంటాను. అయినా ఇవ్వు. మా మావగారికి కాల్ వచ్చింది, మా ఆయనకి వచ్చింది. కాల్ వచ్చిన ప్రతిసారీ లేచి పొయ్యి వెలిగించి డబ్బా కట్టింది నేను. నా పేరు మీద ఒక్క కాల్ రాలేదు. పోయేటప్పుడైనా ఒకటి రానీ."

అప్పలకొండ కర్ర చివరతో నేల మీద గీస్తూ ఆలోచించాడు. "పేరొక్కటే సరిపోదు. పోస్టు సెప్పాల. లోకో పైలట్ ఫలానా, గార్డ్ ఫలానా, అలగ. నీ పోస్టేటి?"

"టీచరు."

"ఉత్త టీచరయితే మా మనవరాలూ టీచరే. హీబ్రూ టీచర్ లక్ష్మీనరసమ్మ, ఢిల్లీ మెయిల్, కాల్." రెండుసార్లు లోగొంతులో అనుకుని చూశాడు. "అచ్ఛా. బాగుంది. ఇస్తాను. నా సర్వీసులో నా కాల్ తప్పి ఆగిపోయిన బండి లేదు, నీకు తెలుసు గదా."

శుక్రవారం వచ్చింది. చివరి శుక్రవారమని అందరికీ తెలిసి మామూలుకంటే ముందే వచ్చారు. గదిలో చోటు చాలక ఒకరి కాళ్ళ దగ్గర ఒకరి తలలు. లక్ష్మీనరసమ్మ సూట్‌కేసూ సంచీ వరండాలో పెట్టేసింది. దీపం వెలిగించి, ఆ మాట అనేసి, వాళ్ళు పడుకోగానే ఆటో ఎక్కడం. అదీ లెక్క.

"పిన్నీ, నువ్వెల్లిపోతే మా గతేటి?" అన్నాడు సూర్యం, తలగడ సర్దుకుంటూ. "ఆ మాటేదో ఫోన్లో రికార్డు చేసి ఇచ్చీ. శుక్రవారం నొక్కుకుంటాం."

"చేసి చూశాం కదురా కిందటేడు. ఫోనే పడుకుంది, నువ్వు పడుకోలేదు."

"పోనీ వీడియో కాల్ చెయ్యి."

"ఊరుకో సూర్యం" అన్నాడు దిలీప్. "పెద్దావిడ ప్రయాణం మీద ఉంది. దిక్కుమాలిన కబుర్లు."

లక్ష్మీనరసమ్మ నవ్వింది గానీ పైకి వినపడలేదు. రెండు వత్తులూ వెలిగించి, అప్పన్నకి దండం పెట్టుకుని లేచింది. పైట సర్దుకుంది. అందరూ కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు. అప్పుడు సూర్యం తుమ్మాడు.

ఒక్కటే తుమ్ము. ఆ తుమ్ము నిజమైందో కాదో అప్పన్నకే తెలియాలి. ప్రయాణం మీద ఉన్న మనిషి వెనక ఒంటి తుమ్ము పడితే ఏం చెయ్యాలో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎంతటి బండైనా సరే, కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి, కాసేపాగి లేవాలి. హైఫాలో అన్నేళ్ళున్నా ఆవిడ ఆ ఆచారం మానలేదు. "రామ రామ" అనుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. శ్వేత వంటగదిలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ రోజు శ్వేత తలగడ తెచ్చుకోలేదు. ఎవరూ గమనించలేదు.

లక్ష్మీనరసమ్మ గ్లాసు ఎత్తి తాగింది. ఆ ముసలి గొంతు నీళ్ళు మింగడం చూస్తూ, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్న శ్వేత, "మెనూఖా, మోరా" అంది.

పాఠం అప్పచెప్పినట్టు అనలేదు. జ్వరంతో ఉన్న పిల్లకి తల్లి చెప్పినట్టు అంది.

గది వదులైంది. ఫ్యాను చప్పుడు దూరమైంది. సూర్యం రెండో తుమ్ము తుమ్మబోయి మానేసి అటు తిరిగాడు. దిలీప్ నోరు తెరుచుకుంది. గోడ అవతల వ్యాగన్లు గుద్దుకున్న మోత ఎక్కడో వేరే ఊళ్ళోదిలా వినిపించింది. లక్ష్మీనరసమ్మ ఏదో అనబోయింది. కోప్పడదామనే అనుకుంటాను. మాట రాకముందే చేతిలో గ్లాసు వాలింది. శ్వేత అందుకుంది. ఆవిడే నేర్పిన పద్ధతిలో ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద వేసి, మెల్లిగా, మెల్లిగా, చాప మీదకి దింపింది. తన చున్నీ మడిచి తల కింద పెట్టింది.

తర్వాత గుమ్మం దగ్గరికొచ్చి కూర్చుంది. పుట్టిన ఇన్నేళ్ళకి ఆ గదిలో శుక్రవారం మెలకువగా ఉండటం అదే మొదలు. ఇంతమంది ఊపిరి ఒకేసారి వింటూ ఒక్కతే కూర్చోవడం ఇంత బరువని దానికి తెలియదు.

ఖాకీ చొక్కాలో అప్పలకొండ వచ్చాడు. గేటు మీద రెండు దెబ్బలు.

"లోకో పైలట్ దిలీప్, కోర్బా గూడ్స్, కాల్."

దిలీప్ లేచి కూర్చున్నాడు. కళ్ళు నులుముకుంటూ బయటికి వస్తూ గుమ్మంలో కూతుర్ని చూశాడు. "నువ్వు పడుకోలేదేటి?" అన్నాడు. శ్వేత లోపలికి చూపించింది. దిలీప్ వెనక్కి తిరిగి చాప మీద పడుకున్న మనిషిని చూశాడు. ఆ నిచ్చెన రోజు నుంచి వారం వారం వచ్చి ఇక్కడ పడుకున్నవాడు, ఆవిడ కళ్ళు మూసుకుని ఉండగా ఎప్పుడూ చూడలేదు. బూట్లు చేత్తో పట్టుకుని, గేటు దాటేదాకా చప్పుడు కాకుండా నడిచి, అక్కడ తొడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

అప్పలకొండ గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు ఆవిడ వంతు. కర్ర ఎత్తాడు.

"తాతా, నువ్వు పిలిస్తే లేచిపోతుంది" అంది శ్వేత.

"లేవాలనే గదా పిలుస్తారు."

"ఎప్పట్నుంచి నిద్ర లేదో తెలుసా నీకు?"

"నాకెలగ తెలుస్తాది. లేపడం నా పని గానీ, ఎవులెంత పడుకున్నారో అడగడం కాదు." కర్ర ఇంకా గాల్లోనే ఉంది. "జొరంతో ఉన్నోణ్ణి లేపినాను. పెళ్ళైన మర్నాడు లేపినాను. ఈవిడ మొగుణ్ణి లేపినాను, సత్యనారాయణని. కళ్ళు పసుపుగా ఉన్నాయి. లేపితే లేచాడు. ఈవిడ డబ్బా కట్టి ఇచ్చింది. ఎల్లాడు."

అప్పలకొండ గేటు ఊచల్లోంచి లోపలికి చూశాడు. దీపం వెలుగులో లక్ష్మీనరసమ్మ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ముఖంలో గీతలన్నీ వదులై, పెళ్ళై కొత్తగా కాలనీకి వచ్చిన పిల్లలా ఉంది.

వరండాలో సంచీ మీద ఆవిడ ఫోన్ మోగింది. లోపల ఎవరూ కదల్లేదు. ఆగి, మళ్ళీ మోగింది. అప్పలకొండ గేటు తీసుకుని వచ్చి ఎత్తాడు.

"మేడమ్, ఎక్కడిదాకా వచ్చారు? బండి ప్లాట్‌ఫారం మీద పెట్టేశారు." ప్రతాప్ గొంతు.

"నాను అప్పలకొండని బాబూ. కాల్‌మేన్ని."

"మేడమ్ బయల్దేరారా?"

"పడుకున్నాది."

"పడుకోవడమేంటండీ. లేపండి. ఆటోలో పది నిమిషాలు. నేను గార్డుతో మాట్లాడతాను, లేపండి."

అప్పలకొండ చేతిలో కర్ర వైపు చూసుకున్నాడు. నున్నగా అరిగిపోయిన కర్ర. ఎన్ని గేట్ల మీద పడిందో. శ్వేత ఆయన ముఖాన్నే చూస్తోంది.

"కాల్ సర్వ్ అవలేదు బాబూ" అన్నాడు.

"అంటే?"

"మనిషికి కాల్ అందలేదని అర్థం. కాల్ అందకపోతే బండి తప్పిన మనిషిది తప్పు కాదు. పిలవాల్సినోడిది. అప్పలకొండ, కాల్‌మేన్, బిలాస్‌పూర్. అలగే సెప్పు మీ ఢిల్లీ వోళ్ళకి."

"పెద్దాయనా, ఆవిడ రాకపోతే ఆ కాంట్రాక్టు ఇంకొకళ్ళకి పోతుంది. మీకర్థమవుతోందా?"

"అవుతంది బాబూ. నువ్వూ ఒక శుక్రవారం తలగడట్టుకుని రా. నీ గొంతూ బాగోలేదు."

ఇంజను కూత ముందు ఫోన్లో వినిపించింది. ఆ వెనకే గోడ అవతల నుంచి వినిపించింది. ఉస్లాపూర్ వైపు బండి కదిలిన చప్పుడు పెట్టె తర్వాత పెట్టెగా సాగి, పలచబడి, పోయింది. ఫోను ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చూసుకోలేదు.

అప్పలకొండ కర్రని చప్పుడు కాకుండా గోడకి ఆనించాడు. వరండా మెట్టు మీద కూలబడి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"తాతా, నీ సర్వీసులో ఇలా ఎప్పుడైనా..."

"ఇదే." తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. శ్వేత ఆవులించింది. ఆవులింత చూసి ఆయన అన్నాడు: "వొచ్చే శుక్రవారం నీకు డ్యూటీ లేదు. రోస్టరెయ్యాల. ఒక వారం సూర్యం, ఒక వారం మీ నాన్న. ఒక్క మనిషి మీద ఇన్నేళ్ళు డ్యూటీ ఎవుడేసాడో గానీ, ఏ లైన్లోనూ అలగెయ్యరు. ముందు నాకు నేర్పు. ఏటా మాట?"

"మెనూఖా."

"మెనూకా."

"కాదు తాతా. గలే సే, గొంతులోంచి. చేపముల్లు అడ్డం పడితే అంటాం చూడు, అలా."

అప్పలకొండ ప్రయత్నించాడు. దగ్గొచ్చింది. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గి, మళ్ళీ అన్నాడు. శ్వేత తల అడ్డంగా ఊపింది. ఊరంతటినీ కేకేసి లేపిన ఆ గొంతు మూడోసారికి కొంచెం గట్టిగానే వచ్చేలా ఉంది. లోపల చాప మీద లక్ష్మీనరసమ్మ ఒత్తిగిలింది. ముసలాయన సగం మాట నోట్లోనే పెట్టుకుని, ఊపిరి బిగపట్టి, ఆవిడ మళ్ళీ కుదురుకునేదాకా కదలకుండా కూర్చున్నాడు.